తెల్లగా మొలిచిన ఆనిగెపు గింజలు

మృగశిర కార్తె ప్రవేశించిన వారానికి, నల్లగొండలో మా ఇంటి వెనుక దొడ్లో ఆనిగెపు (సొరకాయ) గింజలు పెట్టాను. నిరుడు ఒకే తీగకు కాసిన ఒకే కాయను ముదరనిచ్చి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచిన గింజలవి. ఎర్ర చల్క మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి 40 గింజలు నాటితే 33 మొలిచాయి. వాటిలో 8 మొలకలు పాలలా తెల్లగా వచ్చాయి.

పెంకును నెత్తిన మోసుకుంటూ పైకి లేచిన మొలక, అది జారిపోయాక రెండు మందపాటి బీజదళాలను, అంటే గింజలోనే ఉండే తొలి ఆకులను, విప్పింది. కాడ, ఆకు, ఈనె అన్నీ ఒకే తెలుపు. పొద్దుటి ఎండకు అడ్డంగా చూస్తే మైనపు కాగితంలా వెలుగు అవతలికి దిగేది.

"గీ తెల్లయి పీకి పారెయ్ బిడ్డా, పక్కలున్నయాటికి గూడ అంటుకుంటది" అన్నది మా అత్తమ్మ.

"ఇది అంటురోగం కాదత్తమ్మా, గింజలోనే ఉన్న లోపం" అని చెప్పి ఉంచాను.

వెలుతురు చాలక పాలిపోయిన నారు పసుపుపచ్చగా, సన్నగా సాగి ఉంటుంది, ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో పచ్చబడుతుంది. నా మొలకలు రెండింటిని ఎండలో పెడితే పచ్చబడకపోగా అంచులు మాడిపోయాయి. పత్రహరితం తయారుచేసుకునే శక్తే వాటికి లేదు కాబట్టి, బీజదళాల్లో దాచి ఉన్న ఆహారం అయిపోయేదాకా బతికి, పన్నెండో రోజుకల్లా అన్నీ వాలిపోయాయి. గోరంత తెల్లాకు ఒక్కటి వేసి మరీ వాలిన మొలకను చూసినప్పుడు నిజంగా మనసు కష్టపడింది.

ఈ ఉత్పరివర్తనం, అంటే జన్యువులో వచ్చిన మార్పు, ఈ ఏడు పుట్టింది కాదనే నా నమ్మకం. అది ఏ పూర్వపు తీగలోనో జరిగి, పక్కన మంచి జన్యువు తోడుండటం వల్ల బయటపడకుండా తరాలుగా వస్తూ ఉండాలి. నిరుడు చుట్టుపక్కల మరో ఆనిగెపు తీగ లేదు. ఒకే తీగకు మగ, ఆడ పూలు రెండూ పూస్తాయి కనుక, సాయంత్రం విచ్చుకునే ఆ తెల్లపూలకు తమ తీగ పుప్పొడే అంది, మగపూవు నుంచి ఒకటి, ఆడపూవు నుంచి ఒకటిగా దాగిన లోపం కొన్ని గింజల్లో జతపడింది. 1866లో అచ్చయిన బఠానీల పరిశోధనలో, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ చూపిన మూడుకు ఒకటి లెక్కకు (దాగిన లక్షణం నాలుగింట ఒకదానిలో బయటపడటం), నా 25 పచ్చవి, 8 తెల్లవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

అదే వారం మిరప నారులో ఒక మొక్క మూడు బీజదళాలతో లేచింది. దాని తర్వాతి ఆకులు మామూలుగానే ఉన్నాయి, బాగానే ఎదుగుతోంది. అయితే ఆకు ముడుచుకున్న ప్రతి నారునూ ఇలా గింజలోనే తేడా ఉన్నవాటి జాబితాలో చేర్చకూడదు. ముడత తెగులు వైరస్ కావచ్చు, పక్క పొలంలో కొట్టిన కలుపు మందు గాలికి వచ్చి పడటమూ కావచ్చు.

మిగిలిన 25 పచ్చ మొలకల్లో మూడింట రెండు వంతులు ఆ లోపాన్ని మోస్తూ ఉంటాయి. పైకి చూసి చెప్పలేము. అందుకే ఆరు తీగలను మాత్రం పందిరికి పాకించి, మొగ్గలకు ముందురోజే పలుచని గుడ్డసంచి కట్టి, సాయంత్రం ఏ తీగ మగపూవును ఆ తీగ ఆడపూవుకే అద్దుతున్నాను. ఒక్కో కాయ గింజలను వేరువేరు పొట్లాల్లో తీగ నంబరు రాసి దాచి, వచ్చే మిరుగుకు (మృగశిర కార్తెకు) ఒక్కో పొట్లం నుంచి 30 చొప్పున మొలిపిస్తాను. ఒక్క తెల్ల మొలకా రాని పొట్లమే ఇరుగుపొరుగుకు పంచే విత్తనమవుతుంది.