సింహాల గుహ కంటే ముందు ఆ కిటికీ

ప్రియులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. దానియేలు అనగానే మనకి సింహాల గుహే గుర్తొస్తుంది, సండే స్కూల్ బొమ్మల దగ్గర నుంచి పెద్ద పెద్ద మీటింగుల్లో ప్రసంగాల దాకా అందరం నేరుగా ఆ గుహలోకే వెళ్లిపోతాం. నాకు మాత్రం దానియేలు గ్రంథం 6వ అధ్యాయం చదివిన ప్రతిసారీ 10వ వచనం దగ్గరే మనసు ఆగిపోతుంది. 30 రోజుల పాటు రాజుకి తప్ప ఏ దేవునికీ ఏ మనిషికీ మనవి చేయకూడదు, చేస్తే సింహాల గుహే అన్న శాసనం మీద దర్యావేషు రాజు సంతకం పెట్టేశాడు. ఆ సంగతి తెలిసి కూడా దానియేలు ఇంటికెళ్లి, యెరూషలేము వైపు తెరిచి ఉన్న పైగది కిటికీల దగ్గర, ఎప్పటిలాగే రోజుకి మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థన చేశాడు, దేవుణ్ణి స్తుతించాడు కూడా.

శాసనం వచ్చిందని ఆయన ఆ రోజు కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు, నిన్న చేసిందే ఇవాళా చేశాడు. మనమైతే రిపోర్ట్ చేతికొచ్చాక, ఉద్యోగం పోయాక, పిల్లల పెళ్లి ఆగిపోయాక మోకాళ్ల మీదికి వస్తాం. కష్టంలో మొర్రపెట్టడం తప్పని నేను అనట్లేదు, కీర్తనల్లో చాలా మటుకు అలాంటి మొర్రలే, దేవుడు వాటినీ విన్నాడు. కానీ ఎప్పుడో ఒకసారి అవసరానికి ఫోన్ చేసే చుట్టానికీ, రోజూ ఇంట్లో మనతో కూర్చుని మాట్లాడే మనిషికీ తేడా ఉంటుంది కదా. దానియేలుకి ఆ దగ్గరతనం గుహలో రాలేదు, ఆ పైగదిలో ఏళ్ల తరబడి వచ్చింది.

ఇంకో సంగతి, మనలో చాలామంది టైం లేదు అంటాం. రాజ్యం మీద 120 మంది అధిపతులు, వాళ్ల మీద ముగ్గురు ప్రధానులు, ఆ ముగ్గురిలో ఒకడు దానియేలు. లెక్కలన్నీ వాళ్లకే అప్పజెప్పాలి, రాజుకి నష్టం రాకుండా వాళ్లే చూసుకోవాలి, పైగా రాజు ఆయన్ని మొత్తం రాజ్యం మీద పెట్టాలనుకుంటున్నాడు. అంత పనిలో ఉన్న మనిషి రోజుకి మూడుసార్లు ఆగాడు. వయసు చూస్తారా, యూదా రాజు యెహోయాకీము రోజుల్లో, సుమారు క్రీ.పూ. 605లో కుర్రాడిగా చెరపట్టబడి బబులోనుకి వచ్చాడు, బబులోను పడిపోయి రాజ్యం దర్యావేషు చేతికొచ్చింది క్రీ.పూ. 539లో, అంటే ఈ సంగతి జరిగేటప్పటికి 80 ఏళ్లు అటూ ఇటూగా ఉంటాయి. ఆ వయసులో మోకాళ్లు వంచడం, మళ్లీ లేవడం ఎంత కష్టమో పెద్దవాళ్లకి తెలుసు.

ఆ కిటికీ ఎటు తెరిచి ఉందో చూడండి. యెరూషలేము వైపు. అక్కడ అప్పటికి మందిరం లేదు, క్రీ.పూ. 586లోనే కాల్చేశారు. కానీ సొలొమోను మందిర ప్రతిష్ఠ రోజున, చెరలోకి పోయిన నీ జనం ఈ పట్టణం తట్టు తిరిగి ప్రార్థిస్తే ఆలకించు ప్రభువా అని అడిగాడు, 1 రాజులు 8లో ఉంటుంది. దానియేలు ఆ మాట పట్టుకుని, కూలిపోయిన పట్టణం వైపు తిరిగి రోజూ ప్రార్థించాడు. కొందరు అడుగుతారు, యేసు ప్రభువు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నారు కదా మరి ఈయన కిటికీ తెరిచాడేంటి అని. ప్రభువు వద్దన్నది మనుషులు చూడాలని చేసే ప్రార్థన, దానియేలు చూసింది మనుషుల వైపు కాదు. ఆ 30 రోజులు కిటికీ మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు, కానీ భయపడి ప్రార్థనని మార్చుకోవడం ఆయనకి ఇష్టం లేదు, నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఇక మన సంగతి. పొద్దున్నే అలారం ఆపిన చెయ్యే వాట్సాప్ తెరుస్తుంది, మోకరించి రెండు నిమిషాలు కాకుండానే ఆఫీసు మెయిలూ కట్టాల్సిన బిల్లూ గుర్తొస్తాయి, నా ప్రార్థన పైకప్పు కూడా దాటట్లేదేమో అనిపిస్తుంది. దయచేసి అక్కడ మానేయకండి. ఏమీ అనిపించని రోజు చేసిన ప్రార్థన కూడా ప్రార్థనే. 88వ కీర్తన చదవండి, మొదలు నుంచి చివరి దాకా బాధే, ఆఖరి మాట కూడా చీకటే, అయినా ఆ భక్తుడు దేవునితోనే మాట్లాడుతున్నాడు, దేవుడు దాన్ని తన వాక్యంలో ఉంచాడు. మాటలు రాకపోతే కీర్తనే చదివి అదే మీ ప్రార్థనగా చెప్పుకోండి, రోజుకి 5 చొప్పున చదివితే 150 కీర్తనలు 30 రోజుల్లో అయిపోతాయి. అది కూడా చేతకాని రోజున, ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది. యాకోబు పత్రిక 4:8 కూడా చూడండి, మనం దేవుని దగ్గరికి వస్తే ఆయన మన దగ్గరికి వస్తాడు, ముందు మనసు బాగుండాలి ఆ తర్వాత రండి అని అక్కడ లేదు.

దానియేలు 9వ అధ్యాయంలో నాకు చాలా ఇష్టమైన చోటు ఒకటుంది. ఆయన యిర్మీయా గ్రంథం చదువుతూ, యెరూషలేము పాడుగా ఉండాల్సింది 70 ఏళ్లని గ్రహించి ప్రార్థన మొదలుపెట్టాడు, అంటే వాక్యమే ఆయన్ని మోకాళ్ల మీదికి తెచ్చింది. ఇంకా మాట్లాడుతుండగానే గబ్రియేలు దూత వచ్చాడు, ఎప్పుడంటే సాయంత్రపు నైవేద్యం అర్పించే వేళ. బలిపీఠం లేదు, యాజకుడు లేడు, దాదాపు 50 ఏళ్లుగా అక్కడ అర్పణే లేదు, అయినా ఆయన గుండెల్లో మందిరం టైం ఇంకా నడుస్తూనే ఉంది. నువ్వు బహు ప్రియుడివి, నువ్వు మొదలుపెట్టినప్పుడే ఆజ్ఞ బయలుదేరింది అని దూత చెప్పాడు.

రేపు పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఆ అధ్యాయమే తీయండి, 4వ వచనం నుంచి 19 దాకా ఆయన చేసిన ప్రార్థన ఉంటుంది, ఫోన్ పక్క గదిలో పెట్టి, మీ ఇంటి వాళ్ల పేర్లు కలుపుకుంటూ దాన్ని నెమ్మదిగా, పైకే చదవండి.