నాన్నవైపు కొమ్మ

"నాన్నవైపు వాళ్ళంతా వడ్రంగులేగా, ఒక్క రాజైనా లేడు" అని, బడిలో గీయమన్న వంశవృక్షంలో సగం ఖాళీగా వదిలేశాడు మా వాడు. ఆ సగం కెనడాలోని క్యుబెక్ వాళ్ళది. నేను తెలుగుదాన్నే అయినా ఆ ఖాళీ నాకు సహించలేదు. ఫ్రెంచి కెనడాలో ఒక పనివాడి జాడ ఎంత వివరంగా దొరుకుతుందో తెలిస్తే ఆ మాట అనడు.

మొదలుపెట్టాల్సింది పుట్టుకతో కాదు, పెళ్ళితో. చర్చి రిజిస్టర్లో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు కాబట్టి, ఒక్కో పెళ్ళి ఒక్కో తరం వెనక్కి తీసుకెళ్తుంది. సాధారణంగా పెళ్ళికూతురి ఊరి చర్చిలో వెతకాలి. రెండో పెళ్ళి అయితే తల్లిదండ్రుల బదులు చనిపోయిన భర్త పేరో భార్య పేరో ఉంటుంది. అప్పుడు మొదటి పెళ్ళి పట్టుకోవాలి. ఆడవాళ్ళు చనిపోయేదాకా పుట్టింటి పేరుతోనే నమోదవుతారు, అది గొప్ప సాయం. ఇబ్బంది పెట్టేది 'డి' పేర్లు, అంటే 'అనబడే' అని ఇంటిపేరుకి తగిలించిన మారుపేర్లు. లెవస్యూర్ డి లవీన్ అనే మనిషి ఒక చోట లెవస్యూర్, ఇంకో చోట లవీన్. రెండు పేర్లతోనూ వెతకండి. 1621 నుంచీ ఉన్న ఈ నమోదుల్ని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కుటుంబాల వారీగా జతపరిచారు. క్యుబెక్ జాతీయ గ్రంథాలయ, అభిలేఖాలయంలో రిజిస్టర్ల చిత్రాలు ఉచితంగా చూడొచ్చు.

ఇక్కడ మన అలవాటు దారి తప్పిస్తుంది. తండ్రి వడ్రంగి అయితే తాతా వడ్రంగేనని మనకు తోస్తుంది. న్యూ ఫ్రాన్స్‌లో (అప్పటి ఫ్రెంచి పాలనలోని కెనడాలో) వడ్రంగం కులం కాదు. ఫ్రాన్స్‌లోలాంటి వృత్తి సంఘాల కట్టుబాటు కూడా అక్కడ లేదు. క్యుబెక్‌లో 1657లో వడ్రంగులు పెట్టుకున్న సెయింట్ ఆన్ సమాజం భక్తి సమాజమే. రైతు కొడుకు కూడా ఒప్పందం రాసుకుని, మామూలుగా మూడేళ్ళు మేస్త్రి దగ్గర ఉండి పని నేర్చుకోవచ్చు. అందుకే ప్రతి తరం వృత్తినీ విడిగా నిర్ధారించుకోవాలి. 'మెన్యూజియే' అంటే తలుపులు, కిటికీలు, బీరువాలు చేసేవాడు. 'షార్పాంతియే' ఇంటి కప్పు, దూలాలు నిలబెట్టేవాడు.

అసలు సంపద నోటరీ కాగితాల్లో, అంటే ఒప్పందాలు రాసి దాచే అధికారి పత్రాల్లో ఉంది. వాటిని కుటుంబం పేరు మీద కాదు, నోటరీ పేరు మీద, తేదీల వరసలో భద్రపరిచారు. నోటరీ ఎవరో తెలియకపోతే ఏళ్ళు వెతికినా దొరకవు. పెళ్ళి ఒప్పందం పెళ్ళికి కాస్త ముందు రాసుకునేవారు కనుక, ఆ ఊళ్ళో ఆ కాలంలో పనిచేసిన నోటరీల జాబితాలతో మొదలుపెట్టండి. తర్వాత మరణానంతర ఆస్తి జాబితా వెతకండి. మైనరు పిల్లలుండగా భార్యో భర్తో పోతే, ముఖ్యంగా మిగిలినవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకునే ముందు, దీన్ని రాయించేవారు. ఉలులు, రంపాలు, తోపడాలు, పనిబల్ల, ఒక్కోదాని వెల లీవ్రు, సోలు అనే పాత ఫ్రెంచి డబ్బుల్లో ఉంటాయి. లీవ్రుకి 20 సోలులు. అంచులు చెక్కే తోపడాలు చాలా ఉంటే నాజూకు పని చేసినవాడు, పెద్ద గొడ్డళ్ళు, బాడిసెలు ఎక్కువుంటే దూలాల పనివాడు అనుకోవచ్చు. జాబితా చివర్లో ఇంట్లో ఉన్న కాగితాల పట్టీ ఉంటుంది. దాన్ని వదలొద్దు. పాత ఒప్పందాల తేదీలు, నోటరీల పేర్లు అక్కడే దొరుకుతాయి.

నెలలతో జాగ్రత్త. 7 అంకె పక్కన చిన్న అక్షరాలుంటే అది సెప్టెంబరు, జులై కాదు. 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది డిసెంబరు. ఒప్పందాల్లో అడుగు అంటే ఫ్రెంచి అడుగు, దాదాపు 32.5 సెంటీమీటర్లు. మన అడుగుతో లెక్కిస్తే గది చిన్నదైపోతుంది.

ఇన్ని చెప్తున్నా, ముత్తాతల ఉలుల లెక్క చూసి పిల్లాడు వాళ్ళని తనవాళ్ళనుకుంటాడో లేదో నాకు తెలియదు. రాజు కావాలన్నది వాడు, వడ్రంగే చాలన్నది నేను. వాడి చెట్టుని నాకు నచ్చినట్టు పెంచుతున్నానేమో. పైగా నావైపు కొమ్మకి ఇలాంటి రిజిస్టరేదీ లేదు, పెద్దవాళ్ళ నోటి మాటే ఆధారం. ఆ పేర్లు రాసుకోవడం ముందా, ఈ నోటరీలు ముందా అన్నది ఇంకా తేల్చుకోలేదు.