ఆ డకోటా వెనక తలుపు దగ్గర

హాస్టల్ మెస్ ఉప్మా గురించి, డ్రిల్ మాస్టారి విజిల్ గురించి రాసేవాళ్లు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. మన బడి నుంచి వాయుసేన రవాణా స్క్వాడ్రన్లకూ, సైన్యంలో సరఫరా చూసే ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ)కీ వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. అందుకని క్విజ్ పోటీల్లో ఒక్క ముక్కలో తేలిపోయే ఒక డకోటా (రెండు ఇంజన్ల రవాణా విమానం) గురించి ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ రవాణా కమాండ్‌కు దక్కిన ఒకే ఒక్క విక్టోరియా క్రాస్ (వీసీ, అక్కడి అత్యున్నత సాహస పతకం) ఎవరిది? ఫ్లయిట్ లెఫ్టినెంట్ డేవిడ్ లార్డ్‌ది. జవాబు సరైనదే. కాకపోతే అందులో విమానం ముందు సగమే కనబడుతుంది. మంటల్లో అది ఎగిరిన ఎనిమిది నిమిషాలు అర్థం కావాలంటే వెనక, ఎడమ పక్క తలుపు దగ్గర నిలబడి చూడాలి.

1944 సెప్టెంబర్ 17న హాలండ్‌లో మార్కెట్ గార్డెన్ దాడి మొదలైంది. బ్రిటిష్ ఒకటో ఎయిర్‌బోర్న్ డివిజన్ ఆర్న్‌హెమ్ పక్కన దిగింది. రైన్ నది వంతెన పట్టుకుని, దక్షిణం నుంచి ట్యాంకులు వచ్చేదాకా నిలవడం వాళ్ల పని. ట్యాంకులు రాలేదు. మూడో రోజుకల్లా డివిజన్‌లో ఎక్కువమందిని జర్మన్లు ఊస్టర్‌బీక్ అనే చిన్న ఊళ్లోకి నెట్టేశారు. పారాచూట్ దళం వెంట తెచ్చుకునే తిండీ, మందుగుండూ రెండు మూడు రోజులకు మించి రావు. ఆ పైన ఆకాశం నుంచి పడాల్సిందే.

పడాల్సిన చోటు ఎక్కడన్నది ఇంగ్లండ్‌లో ముందే నిర్ణయమైపోయింది. ఊరికి ఉత్తరాన లిష్టెన్‌బీక్ దగ్గర ఒక మైదానం, పేరు ‘వి’. మూడో రోజుకు ఆ చోటు బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చి ఉంటుందని పథకం. వాస్తవంలో అది జర్మన్ల చేతిలోనే ఉంది. డివిజన్ కమాండర్ అర్కార్ట్ చోటు మార్చమని, హార్టెన్‌స్టైన్ హోటల్ దగ్గర వేయమని కబురు పంపించాడు. ఆర్న్‌హెమ్‌లో వైర్‌లెస్ సెట్లు సరిగ్గా పనిచేయలేదు. విమానాలు బయల్దేరే వేళకు ఆ కబురు పైలట్లకు చేరలేదు. చేరని కబురు ఖరీదు ఎంతో ఈ ఒక్క రోజే చూపిస్తుంది. సెప్టెంబర్ 19 మధ్యాహ్నం నూట అరవైకి పైగా విమానాలు, స్టిర్లింగ్‌లూ (నాలుగు ఇంజన్లవి) డకోటాలూ, వెళ్తే 13 తిరిగి రాలేదు. అవి వేసిన సరుకులో అధిక భాగం జర్మన్లకే దక్కింది.

ఆ 13లో ఒకటి 271 స్క్వాడ్రన్ డకోటా, నంబర్ కేజీ374. గ్లోస్టర్‌షైర్‌లోని డౌన్ ఆంప్నీ నుంచి లేచింది. లోపల ఎనిమిది మంది. పైలట్ లార్డ్, రెండో పైలట్ రిచర్డ్ మెడ్‌హర్స్ట్, నావిగేటర్ హ్యారీ కింగ్, వైర్‌లెస్ ఆపరేటర్ అలెక్ బాలన్‌టైన్. ఈ నలుగురూ రాయల్ ఎయిర్‌ఫోర్స్. వెనక ఉన్న నలుగురూ ఎయిర్‌ఫోర్స్ కాదు, సైన్యం వాళ్లు. రాయల్ ఆర్మీ సర్వీస్ కోర్, 223 కంపెనీ. కార్పొరల్ ఫిలిప్ నిక్సన్, డ్రైవర్లు లెనార్డ్ హార్పర్, జేమ్స్ రికెట్స్, ఆర్థర్ రౌబోతమ్. ఆ కోర్‌లో మామూలు సిపాయి హోదానే డ్రైవర్ అంటారు. విమానంలో వాళ్ల ఉద్యోగం పేరు ఎయిర్ డిస్పాచర్. మన సైన్యంలో ఏఎస్‌సీ వాళ్లు చేసే ఇజెక్షన్ పని, అంటే విమానంలోంచి సరుకు బయటికి నెట్టడం, ఇదే.

ఇక ఆ పని సంగతి. డకోటాలో సరుకు పేము బుట్టల్లో వెళ్లేది. పానియర్ అనేవారు. ఒక్కొక్కటి నిండితే 350 పౌండ్ల దాకా, అంటే సుమారు 160 కిలోలు. విమానానికి 16 వరకు పడతాయి. అన్నీ నిండుగా ఉంటే రెండున్నర టన్నులు. నేల మీద రోలర్ల పట్టాలు పరిచి ఉంటాయి. బుట్టను రోలర్ల మీద నెడితే వెనక్కి జారి, తలుపు దగ్గర పక్కకు తిరిగి బయటికి పోవాలి. తలుపు తోక చివర కాదు, ఎడమ పక్కన ఉంది. చిక్కంతా ఆ మలుపులోనే. ప్రతి బుట్టకూ పారాచూట్, దానికో స్టాటిక్ లైను, అంటే బుట్ట పడగానే పారాచూట్‌ను లాగి తెరిచే తాడు. ఆ లైను కొక్కేన్ని విమానంలోని తీగకు తగిలించాలి. తగిలించడం మరిస్తే బుట్ట రాయిలా పడుతుంది. లైను కాలికి చుట్టుకుంటే బుట్టతోపాటు మనిషీ పోతాడు. ఎర్ర లైటు వెలిగితే సిద్ధం, పచ్చ లైటు వెలిగితే నెట్టుడు.

ఇక్కడ చిన్న లెక్క చేస్తే అసలు ఇబ్బంది బోధపడుతుంది. వేసేటప్పుడు డకోటా వేగం గంటకు 120 మైళ్లు అనుకుందాం. సెకనుకు 54 మీటర్లు. రోలర్లు బాగా ఆడి, సెకనుకో బుట్ట చొప్పున పోతే 16 బుట్టలు సుమారు 800 మీటర్ల బారున పడతాయి. ఒక మైదానం సరిపోతుంది. ఎక్కడైనా బుట్ట ఇరుక్కుని, ఒక్కోదానికి నాలుగు సెకన్లు పడితే? ఆఖరి బుట్ట పడే చోటు మొదటిదానికి మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే మైదానం దాటగానే ఆపేయాలి. మిగిలినవి మిగిలినట్టే ఉంటాయి. పైలట్ ముందు రెండే దారులు: వాటితో ఇంటికి పోవడం, లేదా చుట్టు తిరిగి మళ్లీ రావడం.

1,500 అడుగుల ఎత్తులో ఆర్న్‌హెమ్ దగ్గరికి వస్తుండగా విమాన విధ్వంసక తుపాకుల దెబ్బ కుడి రెక్కకు రెండుసార్లు తగిలింది. కుడి ఇంజన్ అంటుకుంది. డకోటాకు కవచం లేదు. రెక్కల్లోని పెట్రోలు ట్యాంకులు తూటా పడితే తమంతట తాము పూడుకునే రకమూ కాదు. ఇంజన్ మంటకు చేయాల్సిన పనుల వరస అందరికీ నోటికి వచ్చిందే: త్రాటిల్ మూయడం, ప్రొపెల్లర్ ఫెదర్ చేయడం (రెక్కల అంచులు గాలికి ఎదురుగా తిప్పడం), ఇంజన్‌కు వెళ్లే పెట్రోలు-గాలి మిశ్రమం కట్ చేయడం, ఆ పక్క పెట్రోలు ఆపడం, ఆపైన కార్బన్ డయాక్సైడ్ సీసా లాగడం. ఇదంతా మంట ఇంజన్ కప్పు లోపల ఉంటేనే పనిచేస్తుంది. ట్యాంకో పైపో చిల్లుపడి పెట్రోలు గాలిలోకి చిమ్ముతుంటే ఆ గ్యాసు ఎటో కొట్టుకుపోతుంది. మంట రెక్క వెంట పాకుతుంది. డకోటా రెక్క బయటి భాగం ఇంజన్ అవతల వరుసగా బోల్టులతో మధ్య భాగానికి బిగించి ఉంటుంది. అల్యూమినియం మిశ్రమం కరిగేదాకా ఆగక్కర్లేదు, రెండు మూడు వందల డిగ్రీలకే బలం సగానికి పడిపోతుంది. రెక్క విరగడానికి నిమిషాలే ఉన్నాయన్న సంగతి ఆ రోజుల్లో డకోటా నడిపిన ఎవరికైనా తెలుసు.

సిబ్బందికి దెబ్బలేమైనా తగిలాయా అని లార్డ్ అడిగాడు. లేదన్నారు. సరుకు వేసే చోటు ఇంకా మూడు నిమిషాలు. కింద వాళ్లకు సరుకు అవసరం, వేసే పోదామన్నాడు. 900 అడుగులకు దిగాడు. ఖచ్చితంగా పడాలని ఆదేశించిన ఎత్తు అది. ఆ ఎత్తులో చిన్న తుపాకులు కూడా అందుకుంటాయి. మండుతున్న విమానం కాబట్టి అన్నీ దాని మీదికే తిరిగాయి.

వెనక ఏం జరిగిందో ప్రాణాలతో బయటపడ్డ ఒకే ఒక్కడు, కింగ్, తర్వాత చెప్పాడు. దెబ్బలకు రోలర్లు వంకరపోయాయి. బుట్టలు జారడం లేదు. 160 కిలోల బుట్టను చేతులతో ఈడ్చి, తలుపు దగ్గర పక్కకు తిప్పి నెట్టాలి. కింగ్ కూడా వెనక్కి వచ్చి చేయివేశాడు. బరువు తోకవైపు జరిగే కొద్దీ ముక్కు పైకి లేస్తుంది. పైలట్ దాన్ని దించుతూ, ఒక్క ఇంజన్ లాగుడుకు విమానం పక్కకు తిరగకుండా రడ్డర్ (తోక చుక్కాని) తొక్కిపట్టుకుని, తిన్నగా, ఒకే ఎత్తులో నడపాలి. అది తప్పితే వెనక వాళ్లు నిలబడనైనా లేరు. ఇటు ముందు చేసే పని, అటు వెనక చేసే పని ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పతకం ప్రశంసాపత్రంలో మొదటిదే విడమరచి రాశారు.

మైదానం దాటింది. రెండు మిగిలాయని వెనక నుంచి కబురు. లార్డ్ చుట్టు తిరిగి, మిగతా విమానాల వరసలో మళ్లీ కలిసి, రెండోసారి వచ్చాడు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. రెండో చుట్టును అందరూ వీరావేశంగా వర్ణిస్తారు. లార్డ్ చరిత్ర చూస్తే అది చేతి అలవాటులా కూడా కనిపిస్తుంది. 1913లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టాడు. తండ్రి సైనికుడు కావడంతో చిన్నతనంలో కొన్నాళ్లు లక్నోలో కాన్వెంట్‌లో చదివాడు. మతగురువు కావాలని స్పెయిన్ వెళ్లి, మానుకుని, 1936లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. తర్వాత ఇండియాలో 31 స్క్వాడ్రన్. వాయవ్య సరిహద్దు, మధ్యప్రాచ్యం, ఆపైన బర్మా అడవుల్లో సరుకు వేయడం. 1943లో డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం) అందుకున్నాడు. బర్మాలో సరుకు ఒక్క ఊపులో వేయరు. లోయలో చోటు చిన్నది. చుట్టుకు నాలుగైదు మూటలు వేసి మళ్లీ తిరుగుతారు. బియ్యం, పప్పు అయితే పారాచూట్ కూడా లేకుండా జోడు గోనెసంచుల్లో వదిలేసేవారు. లోపలి సంచి నిండుగా, బయటిది వదులుగా. లోపలిది పగిలినా గింజలు బయటి సంచిలో మిగులుతాయి. (లార్డ్ వెళ్లిపోయాక 1944లో జనరల్ స్లిమ్ పట్టుకు బదులు జనపనారతో పారాచూట్లు కలకత్తాలో చేయించాడు, ‘పారాజూట్’ అని పేరు. జనపనార మిల్లుకు పేరున్న నెల్లిమర్ల వైపు వాళ్లకు ఈ ముక్క నచ్చుతుంది.) అలా నెలల తరబడి పనిచేసిన పైలట్‌కు ‘రెండు మిగిలాయి’ అంటే వెంటనే తట్టేది ‘ఇంకో చుట్టు’ అనే. తేడా ఒక్కటే. బర్మాలో ఆ చుట్లు తిరిగేటప్పుడు రెక్క మండుతూ ఉండదు.

మొదటి దెబ్బ నుంచి చివరిదాకా ఎనిమిది నిమిషాలు. సరుకు అంతా పోయాక దూకమన్నాడు. తను స్టీరింగ్ వదల్లేదు. వదిలితే విమానం తక్షణం పక్కకు ఒరిగిపోతుంది, ఎవరూ దూకలేరు. అప్పటికి ఎత్తు 500 అడుగులే. డిస్పాచర్లు వేసుకునే పారాచూట్ ఛాతీకి తగిలించుకునే రకం. పట్టీలు ఒంటిమీద ఉంటాయి, మూట మాత్రం విడిగా ఓ పక్కన ఉంటుంది. ఛాతీకి మూట వేలాడుతుంటే బుట్టలు నెట్టడం కుదరదు కాబట్టి. పని చివరిదాకా చేసినవాడికి మూట తగిలించుకునే టైము మిగలదన్నది ఆ ఏర్పాటులోనే ఉన్న లోపం. కింగ్ వాళ్లకు మూటలు తగిలించడంలో సాయపడుతుండగా కుడి రెక్క విరిగింది. ఆ విసురుకు అతను తలుపులోంచి బయటపడ్డాడు, పారాచూట్ తెరుచుకుంది. మిగతా ఏడుగురితో విమానం రైయర్స్‌క్యాంప్ పొలాల దగ్గర కూలింది.

కింద కందకాల్లో ఉన్నవాళ్లలో చాలామంది దీన్ని చూశారు. తుపాకులు పేలుతున్నా లేచి నిలబడి చూశామని దశాబ్దాల తర్వాత కూడా చెప్పేవారు. ఆ జ్ఞాపకాలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఆ మధ్యాహ్నం మండుతూ పడింది ఒక్క విమానం కాదు. దూరం నుంచి స్టిర్లింగ్ మంటా, డకోటా మంటా ఒకేలా ఉంటుంది. ‘మండుతున్న విమానం మళ్లీ తిరిగి వచ్చింది’ అని చెప్పినవాళ్ల మాట కేజీ374కి బాగా సరిపోతుంది. ఇంకో విషయం కూడా వాళ్లే చెప్పారు: తెల్ల గుడ్డలు పరిచి, చేతులూపి, పసుపు రుమాళ్లు ఊపి పైవాళ్లను తమవైపు పిలవడానికి చేయని ప్రయత్నం లేదు. అలాంటి సైగలు జర్మన్లూ చేసి మోసగించవచ్చు కాబట్టి పైలట్లు తమకు ముందే చెప్పిన చోటునే నమ్మారు. కళ్లముందే సరుకు శత్రువు మీద పడటం చూసిన కోపం ఆ ముసలివాళ్ల గొంతుల్లో చివరిదాకా పోలేదు. ఆ కోపం ఎయిర్‌ఫోర్స్ మీద కాదు, చేరని ఆ కబురు మీద.

కింగ్ నేలమీద పడి పదో పారాచూట్ బెటాలియన్ వాళ్లను కలుసుకుని, మర్నాడు వాళ్లతోపాటే పట్టుబడ్డాడు. 1945 మేలో విడుదలై వచ్చి చెప్పాకే లోపలి సంగతి తెలిసింది. వీసీ ప్రకటన 1945 నవంబర్ 13న వెలువడింది. వీసీని చనిపోయాక కూడా ఇవ్వవచ్చు, కాని ఆ రోజు మిగతా ఆరుగురికి ఏమీ రాలేదు. లార్డ్‌కు దక్కింది న్యాయమే. దాంతో పేచీ లేదు.

రెండు రోజుల తర్వాత అదే స్క్వాడ్రన్‌లో ఇంకో డకోటాకు ఇదే చిక్కు వేరే రకంగా వచ్చింది. దాని పైలట్ జిమ్మీ ఎడ్వర్డ్స్, యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పేరుమోసిన హాస్యనటుడు. జర్మన్ ఫైటర్లు కొట్టిన విమానంలో డిస్పాచర్లు గాయపడి దూకలేని స్థితిలో ఉన్నారని తెలిసి, తనూ దూకకుండా మండుతున్న విమానాన్ని నేలకు దించాడు. మొహం కాలింది, డీఎఫ్‌సీ వచ్చింది. వెనక మనుషులు ఉన్నారన్న లెక్క ఆ పైలట్లకు బాగా తెలుసు. లోకానికే తెలియలేదు. ఆర్న్‌హెమ్‌లో చనిపోయిన డిస్పాచర్లు డెబ్బై మందికి పైనే. వాళ్లకు ఊస్టర్‌బీక్‌లో విడిగా స్మారకం కట్టింది 1994లో, యాభై ఏళ్లకు.

హాలండ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు వెళ్లాలనుకుంటే, ఆర్న్‌హెమ్ ముందు స్టేషన్ ఊస్టర్‌బీక్‌లో దిగాలి. సైనిక శ్మశానం స్టేషన్‌కు దగ్గరే. హార్టెన్‌స్టైన్ హోటల్ ఇప్పుడు మ్యూజియం. సెప్టెంబర్‌లో జరిగే సంస్మరణలో అక్కడి బడిపిల్లలు ఒక్కో సమాధి దగ్గర ఒక్కరు నిలబడి పూలు పెడతారు, ఆ సమయంలో వెళ్తే జనం ఎక్కువ. లార్డ్ సమాధిని గైడ్లు చూపిస్తారు. నిక్సన్, హార్పర్, రికెట్స్, రౌబోతమ్ కూడా అక్కడే ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్ గుర్తు కోసం చూస్తే దొరకరు, రాళ్ల మీద ఆర్మీ సర్వీస్ కోర్ గుర్తు ఉంటుంది.