కింది వాటా అక్క కార్డు

లండన్ ఈస్ట్‌హామ్‌లో మా కింది వాటాలో ఉండే అక్కది శ్రీలంకలోని జాఫ్నా. మాది చిత్తూరు, తమిళం వచ్చు కాబట్టి మాటలు కలిశాయి. 2018 జూన్‌లో ఆమెకు శరణార్థి హోదా, అయిదేళ్లు ఉండే అనుమతి ఇచ్చారు. 2023 మే నెలాఖరులో ఆ అనుమతి కార్డు తెచ్చి, "తంగచ్చీ (చెల్లీ), ఇది అయిపోతోంది. నన్ను పంపించేస్తారా?" అంది.

నాకు తోచింది చెప్పేద్దామంటే, ఇక్కడ రిజిస్టర్ కానివాళ్లు ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే. అందుకని ఒక స్వచ్ఛంద సంస్థలో ఉన్న సలహాదారు దగ్గరికి తీసుకెళ్లాను. అటు మాట ఇటు చెప్పడమే నా పని.

గడువు తీరే ముందు నెలలోనే శాశ్వత నివాసానికి అప్లై చేయాలి అన్నారాయన. ఫీజు లేదు, ఈ దేశం చరిత్ర, పద్ధతుల మీద పెట్టే లైఫ్ ఇన్ ది యూకే పరీక్షా లేదు. నిజం చెప్పొద్దూ, నాకు చురుక్కుమంది. మా ఇంట్లో ఇద్దరం తలా 2,404 పౌండ్లు కట్టి, 24 ప్రశ్నల పరీక్షకు రాజుల పేర్లు బట్టీ పట్టినవాళ్లం మరి.

ప్రయాణాల పేజీ వచ్చింది. ఈ అయిదేళ్లలో శ్రీలంక వెళ్లారా? లేదంది. వెళ్తే హోదాకే ఎసరు. కాసేపాగి, నాకు మాత్రమే వినబడేలా, "2020లో అమ్మ పోయింది. ఫోన్లో చూశాను" అంది. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. నేనేమో ప్రతి సంక్రాంతికీ చిత్తూరు పోతూనే ఉన్నాను.

వేలిముద్రలు ఇచ్చేశాం. అసలు టెన్షన్ జూన్‌లో కార్డు గడువు తీరాక మొదలైంది. ఆమె పనిచేసే కేర్ హోమ్‌లో షిఫ్టులు ఆపేశారు. అనుమతి లేనివాళ్లను పెట్టుకుంటే అప్పట్లో మనిషికి 20,000 పౌండ్ల దాకా జరిమానా ఉండేది, వాళ్ల భయం వాళ్లది. గడువులోగా అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులన్నీ ఉంటాయి. కానీ చూపడానికి కార్డేది? యజమానే హోమ్ ఆఫీసు (ఇక్కడి హోం శాఖ) చెకింగ్ సర్వీసుకు రాసి తెలుసుకోవాలట. సలహాదారు ఉత్తరం రాశాకే కేర్ హోమ్ వాళ్లు కదిలారు. ఆమె పని చేయొచ్చంటూ ఆరు నెలలకు చెల్లే పత్రం వచ్చింది. రెండు వారాల జీతం మాత్రం పోయింది.

నవంబర్‌లో శాశ్వత నివాసం వచ్చింది. ఆమె మొదట అడిగింది, "ఇక ఊరికి పోవచ్చా?" అని.

ఇప్పుడు కూడా కుదరదన్నారు సలహాదారు. పౌరసత్వం వచ్చాకే ఆ మాట. దానికి ఇంకో ఏడాది ఆగాలి, అప్పటి లెక్కన 1,580 పౌండ్లు కట్టాలి, ఆ పరీక్షా రాయాలి. ఆ సాయంత్రం నా పాత పుస్తకం వెతికి ఇచ్చాను. ఎనిమిదో హెన్రీ భార్యల పేర్ల పక్కన నా తెలుగు రాతలు చూసి, ఇవేంటో చదివి చెప్పమని కూర్చుంది.