మూడు వందల నిలువుల లోతులో గాలం

"ట్రోలింగ్ నేర్చుకోవడానికి టాహో సరస్సుకు వెళ్తున్నాం" అని ఆఫీసులో చెబితే పక్క సీటులోని తెలుగమ్మాయి "దానికి అంత దూరం ఎందుకు, చేతిలో ఫోను ఉంటే చాలదా?" అంది. ఇంట్లో మామయ్య ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఆయనకు కాకినాడ రేవులోని మరపడవలు గుర్తొచ్చాయి. "వల లాగే ట్రాలరు మనకెవరిస్తారమ్మాయీ?" అన్నారు. వల ఈడ్చేది ట్రాలింగ్. పడవ మెల్లగా పోతుంటే వెనక గాలాన్ని ఈడ్చేది ట్రోలింగ్. తెలుగులో రాస్తే రెండింటికీ మధ్య ఒక్క అక్షరం తేడా. మామయ్యకు ఆ తేడా వివరించేసరికే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి శాక్రమెంటో వచ్చేసింది.

మామయ్యది కైకలూరు. ముప్ఫై ఏళ్లు చేపల చెరువులు నడిపారు. నాలుగు నెలలుగా మా ఇంట్లో కిటికీ లోంచి పార్కింగు స్థలాన్ని చూస్తూ కూర్చుంటున్నారు. మా ఆయనకు పడవ ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకని డ్రైవింగు ఆయనకు, చేపలు నాకూ మామయ్యకూ అని పంచుకున్నాం.

50వ నంబరు రహదారిలో ప్లాసర్‌విల్ దాటాక దారంతా ఎక్కుడే. 7,382 అడుగుల ఎకో సమ్మిట్ దాటి మలుపు తిరిగాక, చాలా కింద నీలంగా సరస్సు కనిపించింది. మామయ్య అడిగిన మొదటి ప్రశ్న, "లోతెంత?" ఎక్కువ లోతున్న చోట 1,645 అడుగులు, అంటే 501 మీటర్లని చెప్పాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. "మూడు వందల నిలువులు" అన్నారు. కొల్లేట్లో చాలాచోట్ల గెడకర్రతో పడవ తోసుకుపోవచ్చు. నిలువు దాటిన లోతంటేనే అక్కడ గౌరవం. అలాంటి మనిషి ఆ తర్వాత పావుగంట మాట్లాడలేదు.

లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సరస్సు కాలిఫోర్నియా, నెవాడాల మధ్య పంచుకుని ఉంది. ఏ రాష్ట్రం లైసెన్సున్నా సరస్సంతా చెల్లుతుంది. ఒక్కరోజు లైసెన్సూ దొరుకుతుంది. లోతుల్లో తిరిగే మాకినా చేపలైతే ఒకరు రోజుకు రెండుకు మించి ఉంచుకోకూడదు.

మొదటి రోజు అద్దె పడవ, దాన్ని నడిపే మనిషితో సహా మాట్లాడుకున్నాం. కొత్తవాళ్లకు నా గట్టి సలహా ఇదే. సొంతంగా పది రోజులు తిప్పలు పడేకన్నా, తెలిసినవాళ్ల వెనక ఒక్క ఉదయం నిలబడి చూడండి. మా పడవ నడిపినావిడకు అరవై ఏళ్లుంటాయి. సెప్టెంబరు మొదట్లోనే తెల్లవారుజామున చలి ఎముకల్ని పట్టుకుంది. నెవాడా కొండల వెనక ఇంకా వెలుగు రాలేదు. ఆవిడ చేతులు మాత్రం చీకట్లోనే వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

గాలానికి బెండు కట్టి చెరువు గట్టున కూర్చోవడం నాకు తెలుసు. ఇక్కడ బెండుకు పనే లేదు. రెండు వందల అడుగుల కిందికి ఎర దింపాలంటే మామూలు సీసం గుళ్లు చాలవు. పడవ అంచుకు డౌన్‌రిగ్గర్ అనే చిన్న గిలక యంత్రం ఉంటుంది. దాని ఉక్కు తీగ చివర పది పౌన్ల గుండు వేలాడుతుంది. గాలపు దారాన్ని ఆ గుండు దగ్గరున్న చిన్న క్లిప్పుకు తగిలిస్తారు. ఎరను ఓ ముప్ఫై అడుగులు వెనక్కి వదిలి గుండును దింపుతారు. ఎంత తీగ దిగిందో యంత్రం మీద అంకె పడుతుంది. తర్వాత దారం చుట్టే రీలు బిగిస్తే గాలపు కర్ర విల్లులా వంగి నిలుస్తుంది. చేప పట్టగానే దారం క్లిప్పు నుంచి ఊడుతుంది. వంగిన కర్ర ఒక్కసారి నిటారుగా లేస్తుంది.

ఇక్కడే నేను మొదటి చేపను పోగొట్టుకున్నాను. కర్ర లేవగానే చెరువు అలవాటు కొద్దీ రెండు చేతులా పైకి గుంజాను. అప్పటికి దారమంతా వదులుగా ఉంది. గుంజిన బలం ఆ వదులులోనే ఆవిరైపోయింది. ముందు రీలు గబగబా చుట్టాలి, బరువు తగిలాకే కర్ర ఎత్తాలి. ఆవిడ ఈ మాట ముందే చెప్పారు. నేను తల కూడా ఊపాను.

మాకినా అంత లోతులో ఎందుకుంటుందో మామయ్యకు చెప్పాలి కదా. అది చల్లని నీటి చేప. ఎండాకాలంలో పై నీళ్లు వెచ్చబడితే కిందికి దిగిపోతుంది. దాని మేత కూడా అక్కడే ఉంది. 1960లలో చేపలకు మేతగా ఉంటుందని మైసిస్ అనే చిన్న రొయ్యను ఈ సరస్సులో వదిలారు. దానికి వెలుగు గిట్టదు. పగలు అడుగుకు దిగి, రాత్రి పైకి వస్తుంది. పైకొచ్చి, మిగతా చేపలు బతికే సూక్ష్మజీవులను తినేసింది. అసలు మాకినా కూడా ఇక్కడిది కాదు, పంతొమ్మిదో శతాబ్దం చివర తెచ్చి వేసిందే. ఇక్కడ పుట్టి పెరిగిన కట్‌త్రోట్ ట్రౌట్ ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఈ నీళ్లలో లేకుండా పోయింది. ఇదంతా విని మామయ్య, "మనవైపు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కథే" అన్నారు. ఎవరెవరు నిషేధాన్ని లెక్కచేయకుండా పెంచారో ఊళ్ల పేర్లతో సహా మొదలుపెట్టారు. కర్ర లేవకపోతే ఆ జాబితా ఇప్పటికీ సాగుతుండేది.

ఆ రెండో చేప దొరికింది. ఐదు పౌన్లుండొచ్చు. బూడిదరంగు ఒంటి మీద తెల్లని మచ్చలు, లోతుగా చీలిన తోక. ఈ సరస్సులో 1974లో 37 పౌన్ల పైబడిన మాకినా పడిందట. ఆ లెక్కన మాది పసిబిడ్డ. మామయ్య మాత్రం మొప్పలెత్తి చూసి, "ఆరోగ్యంగా ఉంది" అని చెరువు యజమాని హోదాలో తేల్చారు.

ఆ ఉదయం నేర్చుకున్న అసలు విషయం వేరే ఉంది. మనం అనుకున్న చోట గాలం ఉండదు. యంత్రం మీద 200 అని పడితే, 200 అడుగుల తీగ దిగిందని మాత్రమే అర్థం. పడవ లాగుతున్నప్పుడు నీటి తోపుడుకు తీగ వెనక్కి వాలుతుంది. ముప్ఫై డిగ్రీలు వాలితే గుండు ఉండేది ఇంచుమించు 173 అడుగుల దగ్గర. చేప అడుగున ఉంటే మన ఎర దాని నెత్తి మీద ఇరవై ఏడు అడుగుల ఎత్తున పోతుంటుంది. పదో తరగతిలో తిట్టుకుంటూ నేర్చుకున్న కొసైను ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. పడవలో నీటి కిందివాటిని శబ్దంతో పసిగట్టే సోనార్ తెర మీద గుండు ఒక గీతలా కనిపిస్తుంది. మరీ వెనక్కి పోతే ఆ గీత మాయమవుతుంది. మేమిద్దరం తెర మీది చేపల గుర్తులు చూసి మురిసిపోతుంటే, ఆవిడ తల తిప్పి తీగ వాలు చూసుకుంటున్నారు. తెర మీద కనబడ్డ చేపను పడవ అప్పటికే దాటేసింది. చూడాల్సింది వెనక్కే.

వేగం కూడా అంతే. మాకినాకు గంటకు మైలున్నర, అటూ ఇటూ కొంచెం. మనిషి నడకలో సగం. ఎరను దింపే ముందు పడవ పక్కనే నీళ్లలో పెట్టి, ఆ వేగానికి అది ఎలా ఆడుతోందో చూడాలి. గిరగిరా తిరిగిపోతే వేగం ఎక్కువ, చచ్చినట్టు ఈడ్చుకొస్తే తక్కువ. పడవను తిన్నగా నడపకుండా పెద్ద పెద్ద వంకర్లు తిప్పుతూ పోవాలి. మలుపులో లోపలివైపు గాలం నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటివైపుది వేగం పుంజుకుని పైకి లేస్తుంది. ఏ వైపు కర్రకు చేప తగిలిందో చూస్తే, ఆ పూట వాటికి ఏ వేగం నచ్చిందో తెలిసిపోతుంది. ఈ చిట్కా ఒక్కటి చాలు, ఆవిడకిచ్చిన డబ్బు గిట్టుబాటైనట్టే.

రెండో రోజు మేమే నడిపాం. చిన్న అల్యూమినియం పడవ, చేతితో తిప్పే డౌన్‌రిగ్గర్ ఒకటి. ఈసారి మాకినా జోలికి పోకుండా కొకనీ పడదామనుకున్నాం. కొకనీ సముద్రానికి పోని సాల్మన్, మాకినా కన్నా పైనే గుంపులుగా తిరుగుతుంది. దాని కొక్కేనికి తెల్ల మొక్కజొన్న గింజ గుచ్చుతారంటే మామయ్య నమ్మలేదు. గింజ వాసన చూసి, ఒకటి నోట్లో కూడా వేసుకున్నారు.

గంటన్నర తిరిగినా ఒక్కటీ తగల్లేదు. తీగ చూస్తే బారుగా వెనక్కి పరుచుకుని ఉంది. మోటారును ఎంత తగ్గించినా వేగం రెండున్నర మైళ్ల కిందికి రాదు, పైగా వెనక నుంచి గాలి. నేను ఫోనులో వేగం చూస్తూ తిట్టుకుంటున్నాను. మామయ్య చేపలు వేసుకోవడానికి తెచ్చిన బకెట్టుకు తాడు కట్టి, పడవ వెనక నీళ్లలోకి వదిలారు. బకెట్టు నిండి తాడు బిగుసుకోగానే పడవ ఎవరో చెయ్యి పట్టి ఆపినట్టు నెమ్మదించింది. ఒకటిన్నర మైళ్లు. ఇదేదో ఆయన సొంత తెలివని గర్వపడ్డాను గాని, ఇక్కడివాళ్లూ ఇదే చేస్తారని తర్వాత తెలిసింది. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

పావుగంటలో కర్ర కొస వణికింది. క్లిప్పు ఊడలేదు. కొకనీ చిన్నది, ఒక్కోసారి దారాన్ని ఊడదీసే బలం దానికుండదు. ఆ వణుకు గమనించకపోతే చేపను అలాగే ఊరేగిస్తూ తిరుగుతాం. దాని మూతి మెత్తన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. అందుకే కొకనీకి మెత్తగా వంగే కర్ర వాడతారు. వచ్చిన ఆరింటిలో మూడు పడవ అంచుదాకా వచ్చి జారుకున్నాయి. నాలుగోదాన్ని వలగరిటెతో ఎత్తబోతూ నేను చుక్కాని వదిలేశాను. పడవ గిర్రున తిరిగి దారం, తీగ, బకెట్టు తాడు ఒకే ముడి అయ్యాయి. దాన్ని విప్పడానికి పట్టిన అరగంటలో మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే ఎక్కువ బాధించింది. మలుపు ఎప్పుడూ వెడల్పుగా తిప్పండి. ఇద్దరున్నప్పుడు ఒకరి చెయ్యి చుక్కాని మీద ఉండాల్సిందే.

పదకొండు దాటాక నైరుతి గాలి మొదలైంది. అద్దంలా ఉన్న నీళ్లు అరగంటలో నురగలు కక్కాయి. ఈ నీళ్లలో పడితే ఈత వచ్చినవాళ్లను కూడా ముందు చలి కుంగదీస్తుంది. లైఫ్ జాకెట్ బిగించుకుని, ఇంకో చేప అనే ఆశ మానుకుని గట్టు చేరాం. గట్టు మీద మా ఆయన కాఫీ తాగుతూ పుస్తకం చదువుకుంటున్నారు.

రాత్రి అద్దె ఇంట్లో రెండూ వండాం. మాకినాకు కొవ్వెక్కువ. చింతపండు పులుసు పెట్టినా పైన నూనె తేలి, ముక్క విరిగిపోయింది. కొకనీ ఎర్రని కండ వేపుడుకు చక్కగా నిలబడింది. మామయ్య వేపుడు రెండోసారి వడ్డించుకున్నారు. పులుసు గిన్నెను మా ఆయన వైపు జరిపి, "లోతు చూసి మోసపోయామమ్మాయీ" అన్నారు.