రంగేసిన బండికి స్టిక్కర్ ఎప్పుడు వేయాలి

మే నెల సగం దాటిందంటే మా రేడియం షాపు ముందు స్కూలు బస్సులు వరస కడతాయి. మామూలుగా జూన్ 12కు బడులు తెరుస్తారు, ఆలోపు బస్సుకు ఫిట్‌నెస్ కావాలి. దానికి పోవాలంటే పసుపు రంగు మెరుస్తూ ఉండాలి, పక్కన స్కూలు పేరు, ఫోన్ నంబరు ఉండాలి, ముందూ వెనకా ‘స్కూల్ బస్’ అని ఉండాలి. అద్దె బండి అయితే ‘ఆన్ స్కూల్ డ్యూటీ’ అని రాయాలి. ఏప్రిల్ చివర సెలవులిచ్చినప్పుడే బస్సును షెడ్డుకు పంపితే అందరికీ హాయి. కానీ ఎక్కువమంది జూన్ మొదటి వారం దాకా ఊరుకుంటారు. అప్పుడు టింకరింగ్ (రేకు సొట్టలు తీయడం), లప్పం (గుంటలు పూడ్చే ముద్ద), రంగు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. రాత్రి రంగు కొట్టిన బస్సు పొద్దున్నే మా గుమ్మం ముందుంటుంది.

“అక్కా, సాయంత్రానికి అయిపోవాల.”

డ్రైవరన్న మీద నాకు కోపం రాదు. ఆయన్ను పంపింది కరెస్పాండెంట్ సారు, సారుకు ఫిట్‌నెస్ పరీక్షకు దొరికిన తేదీ రేపో ఎల్లుండో. నేను మాత్రం ముందుగా బస్సు దగ్గరికి పోయి, తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూస్తాను. రంగును పలచన చేసే థిన్నర్ వాసన గుప్పున వస్తే ఆ రోజు ఆ బండికి స్టిక్కర్ వేయను. ఎంత డబ్బిస్తామన్నా వేయను. తిరుపతిలో ఈ పని చేసే అందరూ ఇట్లాగే ఉండాలని నా కోరిక. బండి ఓనర్లకు కూడా కారణం తెలిస్తే తొందర పెట్టరని ఇది రాస్తున్నాను.

చేత్తో తాకితే అంటుకోలేదు కాబట్టి రంగు ఆరిపోయింది అనుకుంటారు. అది పైన ఆరడం మాత్రమే. పాలు కాగబెట్టి దించితే పైన మీగడ కట్టినా అడుగున పాలు పాలుగానే ఉంటాయి చూడండి, కొత్త రంగు కూడా అంతే. పైన పొర కడుతుంది, లోపల ఇంకా థిన్నర్ ఉంటుంది. అది ఆవిరై కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. వినైల్ అంటే ప్లాస్టిక్ పొర, దానికి జిగురు. దాన్ని ఆ రంగు మీద అంటించి స్క్వీజీతో (స్టిక్కర్ రుద్దే చెక్కతో) గట్టిగా రుద్దామంటే ఆవిరి పోయే దారి మూసేశాం. పోవడానికి చోటు లేక అది అక్షరం కిందే బుడగలు కడుతుంది. బుడగలతో ఆగినా కొంత నయం. థిన్నర్ జిగురును మెత్తబరుస్తుంది, అక్షరం అంచులు లేస్తాయి, ఒక్కోసారి అక్షరమే కొద్దిగా జరుగుతుంది. అడుగున రంగు కూడా గట్టిపడదు. రేపు ఆ స్టిక్కర్ తీయాల్సి వస్తే రంగుతో సహా ఊడుతుంది.

ఎన్నాళ్లు ఆగాలి అనేది ఏ రంగు వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. హార్డ్‌నర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురెథేన్) రంగు రసాయనంగా గట్టిపడుతుంది. కంపెనీ వర్క్‌షాపుల్లో బూత్‌లో పెట్టి 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు కాబట్టి ఇంకా త్వరగా అవుతుంది. అట్లాంటి బండికి నాలుగైదు రోజులు, వీలైతే వారం ఇస్తే నాకు ధైర్యం. అదే పీయూను రోడ్డు పక్క షెడ్డులో బూత్ లేకుండా గాలికి ఆరబెడితే వారానికి పైనే కావాలి. ఎనామెల్ సంగతి వేరు. దాంట్లో థిన్నర్ పోయాక కూడా పని మిగిలే ఉంటుంది, గాలిలో ఉండే ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడాలి. దానికి నేను మూడు నాలుగు వారాలు అడుగుతాను. స్కూలు బస్సులకు, పాల వ్యాన్లకు, మామిడికాయలు తోలే టెంపోలకు ఖర్చు తక్కువని ఎనామెలే కొట్టిస్తారు. అంటే ఎక్కువ రోజులు ఆగాల్సిన బండ్లే ఎక్కువ తొందరలో వస్తాయి.

కింద లప్పం మందంగా పెట్టి, మీద ప్రైమర్ రెండు కోట్లు, రంగు మూడు కోట్లు ఒకే రోజు కొడితే లెక్క ఇంకా పెరుగుతుంది. ప్రతి కోటూ దాని కింది కోటు థిన్నర్‌ను మూసి పెడుతుంది. అక్టోబర్, నవంబర్ వానల్లో మన దగ్గర చెమ్మ ఎక్కువ, చల్లదనం ఎక్కువ, అప్పుడు ఇంకో వారం కలుపుకోవాలి. మే ఎండకు రంగు త్వరగా ఆరుతుంది, నిజమే. కానీ ఎండకు పై పొర మరీ గబగబా గట్టిపడి లోపలిది లోపలే ఉండిపోతుంది. ఎండను నమ్ముకుని రోజులు తగ్గించవద్దు.

పోయినేడు ఒక టెంపో ట్రావెలర్ వచ్చింది. వేరే ఊళ్లో రంగు వేయించి, మర్నాడే అక్కడే స్టిక్కర్ కూడా వేయించుకున్నారట. తెల్ల బండి, రెండు పక్కలా మెరూన్ అక్షరాల్లో ట్రావెల్స్ పేరు, పక్కన తిరునామం. చూడ్డానికి చాలా బాగుంది. కొండకు యాత్రికుల్ని తిప్పడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం ఎండలో పార్కింగ్‌లో నిలిపినప్పుడల్లా అక్షరాల మీద ఆవగింజలంత పొక్కులు రావడం మొదలైంది. ఓనరన్న సూదితో గుచ్చి అణిచాడు. మర్నాడు మళ్లీ వచ్చాయి.

నేను గుర్తుపట్టింది అక్కడే. స్టిక్కర్ వేసేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగ అయితే గుచ్చి ఒత్తితే పోతుంది, మళ్లీ రాదు. అది ఒకటో రెండో ఉంటుంది, స్క్వీజీ సరిగా ఆనని చోటే ఉంటుంది. రంగులోంచి వచ్చే ఆవిరి బుడగలు చిన్నవి, అక్షరమంతా చల్లినట్టు ఉంటాయి. ఎండకు పెరుగుతాయి, గుచ్చినా తిరిగొస్తాయి. “ఇది స్టిక్కర్ రోగం కాదన్నా, రంగుది” అని చెప్పాను. ఆయనకు బుడగలతో బండి తిప్పడం ఇష్టం లేదు, తీసేయమన్నాడు. హీట్ గన్‌తో వెచ్చబెట్టి ఎంత నెమ్మదిగా లాగినా ‘వ’ అక్షరంతో పాటు గోరంత రంగు లేచి కింద బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. అక్కడితో ఆపేశాను. ఆయన ఆ పక్క మొత్తం మళ్లీ రంగు వేయించుకోవాల్సి వచ్చింది. రెండు రోజులు కలిసొస్తాయని చేసిన పనికి బండి పదిహేను రోజులు షెడ్డులో నిలబడింది. యాత్ర సీజన్లో అది ఎంత నష్టమో కొండ మీదికి బండి తిప్పే ప్రతి ఒక్కరికీ తెలుసు.

తేదీ లెక్క కంటే నేను పరీక్షను నమ్ముతాను, మీరూ చేయించుకోవచ్చు. ఏ వినైల్ వేయబోతున్నామో అదే వినైల్‌లోంచి నాలుగు అంగుళాల ముక్క కోసి, అక్షరాలు వచ్చే చోటే, బాగా ఎండ తగిలే పక్క అంటించి గట్టిగా రుద్దుతాను. బంపర్ కింద కనపడని మూల అంటిస్తే లాభం లేదు, అక్కడ రంగు మందం వేరు, ఎండ తగలదు. బండిని ఒక రోజంతా ఎండలో పెట్టించి మరుసటి రోజు చూస్తాను. ముక్క నున్నగా ఉండి, తీస్తే కింద మచ్చ గానీ మెత్తదనం గానీ లేకపోతే పని మొదలు. ఒక్క పొక్కు కనిపించినా ఇంకో వారం. ఇప్పుడు గాలి పోవడానికి సన్నని దారులున్న వినైల్ వస్తోంది కదా, దానికి ఈ బాధ లేదు కదా అని కొందరు అడుగుతారు. ఆ దారులు అంటించేటప్పటి గాలి పోవడానికే. గట్టిగా రుద్దాక అవి మూసుకుపోతాయి. వారాల తరబడి వచ్చే ఆవిరికి అవి పనికిరావు.

షెడ్డు వాళ్లతో ఇంకో పేచీ పాలిష్. రంగు అయ్యాక కాంపౌండు రుద్ది, మీద సిలికాన్ పాలిష్ కొట్టి అద్దంలా చేసి పంపుతారు. వాళ్ల పనితనం చూపించుకోవాలని వాళ్లకుంటుంది, అర్థం చేసుకోగలను. కానీ సిలికాన్ మీద జిగురు నిలవదు. పేరు వచ్చే పట్టీ వదిలేసి మిగతాదంతా పాలిష్ చేయమని ముందే ఫోన్ చేస్తాను. ఒకవేళ చేసేసినా కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్‌తో మాత్రం తుడవనివ్వను, కొత్త రంగును అవి తినేస్తాయి. ముందు సబ్బు నీళ్లు, తర్వాత నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి గుడ్డకు పట్టించి తుడవడం, మరో పొడి గుడ్డతో వెంటనే ఒత్తేయడం, అంతే.

అంటించడం పొద్దున్నే, నీడలో. మన తిరుపతి ఎండకు పదకొండు దాటాక బస్సు రేకు మీద చెయ్యి పెట్టలేం. అంత వేడి రేకుకు వినైల్ తగిలీ తగలగానే పట్టేసుకుంటుంది, సాగిపోతుంది, సరిచేసే వీలుండదు. కొత్త రంగు మీద నేను నీళ్లు చల్లి అంటించే పద్ధతి వాడను. అడుగున మిగిలిన చెమ్మ కూడా ఎండకు పొక్కుతుంది, అప్పుడు ఏది రంగు తప్పో ఏది నీటి తప్పో తెలియదు. కొలత కోసం మాస్కింగ్ టేపు కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. ఇనుప రేకు అయితే గుడ్డ చుట్టిన అయస్కాంతాలతో షీటును నిలబెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి వంకర చూసుకుంటాను. అల్యూమినియం బాడీకి అయస్కాంతం పట్టదు, అక్కడ టేపు తప్పదు, పని కాగానే తీసేస్తాను. షీటును మధ్యలో నిలువుగా కదలకుండా పట్టి ఉంచి, ఒక సగం వెనక కాగితం తీసి మధ్య నుంచి అంచుకు రుద్దుకుంటూ పోవడం, తర్వాత రెండో సగం. అక్షరాలను పట్టి ఉంచిన పై టేపును వెనక్కి మడిచి, బండి రేకుకు ఆనుకునేలా నెమ్మదిగా లాగాలి. నా చేతిలో ఈ పని ఎప్పుడూ నిదానమే. అంటించాక బండి మీద బ్లేడు పెట్టి అంచులు కోయడం మా షాపులో లేదు. కొత్త రంగు మీద బ్లేడు గీత పడితే వానాకాలానికి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

తెలుగు పేర్లకు ఒక మేలుంది. వినైల్ ముందుగా లేచేది పదును మూలల దగ్గర. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి బాగా పట్టి ఉంటాయి. తలకట్టు కొసలు, ఒత్తుల తోకలు మాత్రం పదును. వాటిని డిజైన్‌లోనే కొంచెం గుండ్రం చేస్తాను. అను అనే తెలుగు ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్కగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కోరెల్‌డ్రాలో వాటిని వెల్డ్ చేయకుండా, అంటే ఒకే ముక్కగా కలపకుండా, వినైల్ కోసే ప్లాటర్‌కు పంపితే కలిసిన చోటల్లా కోత పడుతుంది. ‘శ్రీ’ ముక్కలు ముక్కలై వస్తుంది, ప్రెషర్ వాష్‌కు ముందు పోయేది ఆ ముక్కలే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను మొదట నేర్పేది వెల్డ్ చేయడం.

మరి తేదీ నిజంగా దగ్గర పడిన వాళ్ల సంగతేంటి? అయస్కాంతపు షీటు మీద పేరు వేసి తగిలిద్దామంటారు. మెత్తటి రంగు మీద అదీ వద్దు, అచ్చు పడుతుంది. అట్లాంటి వాళ్లను నేను మా నాయనతో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరికి పంపిస్తాను. మా నాయన లెటరింగ్ ఆర్టిస్టు. లారీల మీద, సినిమా హాళ్ల గోడల మీద, చిత్తూరు దాకా పోయి బెల్లం మండీల బోర్డుల మీద రాసినాడు. ఇప్పుడు లేడు. ఆ పెద్దాయన చెయ్యి మాత్రం ఇంకా వణకలేదు. కుంచెతో రాసిన అక్షరం ప్లాస్టిక్ పొర కాదు, సన్నని రంగు గీత. అదీ ఆరుతూనే ఉంటుంది, కింద ఉన్న థిన్నర్ పోవడానికి దారి ఉంటుంది. పసుపు మీద నల్ల ఎనామెల్‌తో స్కూలు పేరు రాయించుకుని ఫిట్‌నెస్‌కు పోవచ్చు. రేడియం షాపు పెట్టుకుని పని బయటికి పంపుతావా అని మా ఆడబిడ్డ అడుగుతుంది. ఆ బస్సుకు ఆ రోజు సరైన పని అదే కాబట్టి పంపుతాను. పైగా అంత చక్కటి ‘క్ష’ రాసే చెయ్యి ఖాళీగా కూర్చోవడం నేను చూడలేను.

కాణిపాకం పూజ పెట్టుకున్న వాళ్ల పట్టుదల ఇంకో రకం. బండికి కొత్త రంగు వేయించి, వరసిద్ధి వినాయకుడి ముందు నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టేటప్పుడు పేరు ఉండాలంటారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, మా ఇంట్లో కొత్త బండి వచ్చినా మేం ముందు పోయేది అక్కడికే. అందుకని వాళ్లకు ఒకటి చెబుతాను. ముందు అద్దం మీద పేరు వేయించుకోండి. అద్దానికి ఆరే పని లేదు, ఆ రోజే అంటిస్తాను. డ్రైవరుకు దారి కనిపించేలా పైన సన్నగా వేస్తాను. పక్కల పెద్ద అక్షరాలు పూజ అయి వచ్చాక, పరీక్ష ముక్క సరిగా ఉన్న రోజు వేసుకుందాం. చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఈ ఏడాది నుంచి నేను పనిచేసే షెడ్ల వాళ్లను ఒక చీటీ రాసివ్వమని అడుగుతున్నాను. ఎనామెలా పీయూనా, హార్డ్‌నర్ కలిపారా లేదా, చివరి కోటు ఏ తేదీన కొట్టారు, పాలిష్ ఎక్కడిదాకా చేశారు. రంగుకు బండి ఇచ్చిన రోజే నాకు పేరు, కొలత పంపితే డిజైన్ చేసి, కోసి, వీడింగ్ చేసి (అక్షరాల చుట్టూ మిగిలిన వినైల్ తీసేసి), చుట్టి పెట్టేస్తాను. ఆగేది అంటించడం ఒక్కటే. అంటించాక రెండు రోజులు నీళ్ల సర్వీసుకు ఇవ్వకండి, ప్రెషర్ గన్ వాడేటప్పుడు అక్షరాల అంచులకు దగ్గరగా పట్టనివ్వకండి. బస్సు తెచ్చేటప్పుడు ఆ చీటీ తప్పకుండా తెండి.