ఆయన దూరంగా నిలబడలేదు

టీబీ అని తేలాక నన్ను ఎక్కువ ఏడిపించింది దగ్గు కాదు, సాయంత్రం అయితే వచ్చే జ్వరం కూడా కాదు. మనుషులు వెనక్కి జరగడం. మెట్ల మీద ఎదురొస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్లు, మా పాపని ఆడుకోడానికి పిలవడం మానేశారు, నేనే నా కంచం గ్లాసు వేరేగా పెట్టేసుకున్నా.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, ఇది దగ్గినప్పుడు గాలిలో వ్యాపిస్తుందమ్మా, కంచం వల్ల రాదు, ముట్టుకుంటే రాదు, మాస్క్ పెట్టుకో, కిటికీలు తెరిచి ఉంచు, మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే అంటించే ప్రమాదం చాలా తగ్గిపోతుంది అని. విన్నాను, కానీ మనసుకి ఎక్కలేదు. రాత్రిపూట దేవుడు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాడేమో అనిపించేది నాకు.

అప్పుడే సువార్తలో కుష్ఠరోగి సంగతి మళ్లీ చదివాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదే. కానీ ఈసారి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, యేసు ప్రభువు కనికరపడి చెయ్యి చాపి ముట్టుకున్నాడు. శతాధిపతి, అంటే రోమా సైన్యంలో అధికారి, అతని దాసుణ్ణి ఇంటికి కూడా వెళ్లకుండా ఒక్క మాటతో బాగుచేశాడు కదా, మరి ఇతన్ని ముట్టుకోవాల్సిన పనేముంది? స్వస్థతకి అవసరం లేదు. ఊరి బయట ఉంటూ, ఎవరైనా దగ్గరికొస్తే అపవిత్రుణ్ణి అని తానే అరిచి చెప్పాల్సిన మనిషి అతను, ఎన్నేళ్లయిందో ఎవరైనా ముట్టుకుని. అందుకే ముట్టుకున్నాడు, అదీ ఇంకా బాగుకాకముందే. ఇది అర్థమయ్యాక ఆ రాత్రి ఎంత ఏడ్చానో, అది వేరే ఏడుపు.

మెదక్ నుంచి అత్తమ్మ వచ్చింది. వచ్చీరాగానే నా పక్కన కూర్చుని జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. వద్దు అత్తమ్మా దూరంగుండండి అంటే, "ఏం కాదు బిడ్డా, డాక్టరమ్మ చెప్పింది కదా, కిటికీలు తెరిచినం కదా" అంది. దువ్వుతూ పెద్దోళ్లు చెప్పిన మాటలు చెప్పేది, కరువు కాలంలో మెదక్ చర్చి కడుతుంటే పనికి వెళ్లినోళ్లకి కూడు దొరికిందని, 1924లో అది పూర్తయ్యేలోపు ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగిందో అని. దేవుని కనికరం ఆమెకి ఎప్పుడూ అన్నంలాగే కనపడుతుంది.

మందులు మాత్రం చాలా కష్టం. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, పరగడుపున మింగాలి, కడుపులో తిప్పేసేది, మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమో అని హడలిపోయాను, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్లనట. కొన్ని రోజులు ప్రార్థన చేసే ఓపిక కూడా ఉండేది కాదు, కనికరించు ప్రభువా అని అంతే, ఆ ఒక్క మాటే. గవర్నమెంట్ నుంచి టీబీ పేషెంట్లకి నెలకి 1000 రూపాయలు ఇస్తారు, అది పడ్డప్పుడల్లా అత్తమ్మ గుడ్లు, పప్పులు తెప్పించేది. కొంతమంది నన్ను ప్రార్థనతోనే బాగైపోతావు మాత్రలెందుకు అన్నారు, నాకది అస్సలు నచ్చలేదు. బైబిల్లో హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు విన్నాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టమనే కదా ప్రవక్త చెప్పింది. ఆ మాత్రలు కూడా ఆయన కనికరమే, నేను అలాగే మింగాను.

కోర్సు పూర్తయింది, తెమడ పరీక్షలో నెగెటివ్ వచ్చింది, బరువు కూడా మళ్లీ పెరిగాను. మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే దయచేసి దాచకండి, గవర్నమెంట్ ఆసుపత్రిలో పరీక్ష, మందులు అన్నీ ఫ్రీ. ఇప్పుడు మా గల్లీలోనే ఇంకో అమ్మాయికి వచ్చింది, కొత్తగా పెళ్లైన పిల్ల, పుట్టింటికి పంపించేస్తాం అంటున్నారు. నేను వెళ్లి కూర్చుంటున్నా, వాళ్ల అత్తగారితో కూడా మాట్లాడుతున్నా. ఇంకా రెండో నెలలోనే ఉంది, మాత్రలు కడుపులో నిలవట్లేదు, తన కోసం మీరు కూడా ప్రార్థన చేయండి.